యోటా కెనాల్ గట్టు మీద సైకిల్ ట్రిప్ రివ్యూ: షోటోర్ప్ నుంచి మేమ్ దాకా, తొమ్మిది రోజులు

ముందే చెప్పేస్తున్నా, ఈ రూట్‌కి నేను 5కి 4 ఇస్తా. పోయిన ఆ ఒక్క మార్కు కాలవ వల్ల కాదు, మధ్యలో తగిలే హైవే వల్ల, దాని సంగతి వచ్చినప్పుడు చెప్తా. స్వీడన్‌లో సైకిల్ మీద తిరగాలనుకునేవాళ్ళు ఎక్కువగా సముద్రం పక్కన పోయే కాట్టెగాట్ లేడెన్ గురించే అడుగుతుంటారు. మేం మాత్రం పల్లెటూళ్ళే చూడాలనుకుని కావాలని లోపలికి వెళ్ళాం, వేనెర్న్ సరస్సు ఒడ్డున షోటోర్ప్ దగ్గర మొదలుపెట్టి బాల్టిక్ సముద్రం పక్కన మేమ్ దాకా, కాలవ గట్టు పట్టుకుని. దీన్ని రాసేది గోటా అని, పలికేది యోటా అని, అక్కడ దారి అడిగేటప్పుడు యోటా అనే అనండి, వెంటనే అర్థమవుతుంది.

వెళ్ళింది నేను, మా తమ్ముడు. వాడు గోథెన్‌బర్గ్‌లో చదువుకుంటున్నాడు, స్వీడిష్ కొంచెం వచ్చు, నాకు హేయ్, తాక్ తప్ప ఇంకేం రాదు. జూన్ నెలాఖర్లో మిడ్‌సొమ్మర్ పండగ అయిపోయాక బయల్దేరాం. అటూ ఇటూ తిరిగిందంతా కలిపితే 350 కిలోమీటర్ల పైనే తొక్కాం. రోజూ సైకిల్ తొక్కే అలవాటు నాకు లేదు, అయినా ఎక్కడా ప్రాణం మీదకి రాలేదు, ఎందుకంటే ఈ దారి అలాంటిది.

అసలు ఎందుకు అలాంటిదో చెప్తా. ఈ కాలవ మొత్తం 190 కిలోమీటర్లు, అందులో 87 కిలోమీటర్లు మనుషులు తవ్వింది, మిగతాది సరస్సులు. 1810లో మొదలుపెట్టి 1832లో పూర్తి చేశారు, సుమారు 58,000 మంది సైనికులు పనిచేశారట, చాలావరకు ఇనుప మొన తొడిగిన చెక్క పారలతోనే. అప్పట్లో పడవలకి ఇంజన్లు లేవు కాబట్టి గట్టు మీద ఎద్దుల్ని, గుర్రాల్ని కట్టి తాడుతో లాగించేవాళ్ళు, ఆ పశువులు నడిచిన బాటే ఇప్పుడు సైకిల్ బాట. నీళ్ళు ఎంత సమంగా ఉంటాయో గట్టూ అంత సమంగా ఉంటుంది, ఎత్తు మారేది ఒక్క లాకుల దగ్గరే, అంటే నీళ్ళు నింపుతూ వదులుతూ పడవల్ని ఎక్కించి దించే గేట్ల దగ్గర. మొత్తం 58 లాకులు. లాకు వచ్చిందంటే ఒక చిన్న ఎక్కుడో దిగుడో, అంతే, మళ్ళీ కిలోమీటర్ల కొద్దీ చదును. ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు చెట్ల వరస, చెట్ల వెనక పొలాలు, పొలాల చివర ఎర్ర రంగేసిన చెక్క ఇళ్ళు. ఆ ఎర్ర రంగు ఫాలున్ రాగి గని నుంచి వచ్చే మట్టితో చేస్తారు, వందల ఏళ్ళుగా అదే రంగు, ఎండలో కంటే ముసురు పట్టినప్పుడు ఇంకా బాగుంటుంది.

షోటోర్ప్‌కి రైలు లేదు. గోథెన్‌బర్గ్ నుంచి మారియెస్టాద్ దాకా రీజినల్ రైల్లో వెళ్ళాం, ఖాళీ ఉంటే సైకిల్ ఎక్కించనిస్తారు, అక్కడినుంచి ఓ 20 కిలోమీటర్లు తొక్కాం. దూరం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో సైకిల్ సంగతి టికెట్ కొనే ముందే కనుక్కోండి, మాకు తిరుగు ప్రయాణంలో ఒకదాన్లో వద్దన్నారు, రైళ్ళు మారుతూ రావాల్సొచ్చింది.

ఇప్పుడు సైకిళ్ళ విషయం, ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. మేం అద్దెకి తీసుకున్న షాపు పేరు చెప్పను గానీ వాళ్ళు ఫోన్లో "కెనాల్‌కే కదా, ఏ సైకిలైనా సరిపోతుంది" అన్నారు. సరిపోదు. గట్టు తారు రోడ్డు కాదు, కంకర పరిచిన మట్టి బాట, కొన్నిచోట్ల మెత్తగా ఉంటుంది, కొన్నిచోట్ల కంకర కొత్తగా పోసి ఉంటుంది. మాకిచ్చినవాటికి 28 మిల్లీమీటర్ల సన్న టైర్లు, మీద ఇద్దరి లగేజీ, టెంటు. కనీసం 40 మిల్లీమీటర్ల టైరు అడగండి, లేదంటే తీసుకోకండి. స్పేర్ ట్యూబ్ ఇస్తామన్నారు, బ్యాగ్‌లో చూస్తే లేదు, పంక్చర్ కిట్‌లో జిగురు ఎండిపోయి ఉంది. నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు, ఊళ్ళు లేని చోట నడిపిస్తున్నామన్న ఆలోచన వాళ్ళకి లేకపోవడం గురించి.

అనుకున్నట్టే మొదటి రోజు సాయంత్రం లీరెస్టాద్ దాటాక వెనక టైర్ పక్కన చీలింది. పంక్చర్ అయితే ఏదో చేసుకునేవాళ్ళం, ఇది గోడ చీలింది, లోపల ట్యూబ్ బుడగలాగా బయటికి వచ్చేసింది. ఎనిమిది దాటింది, అయినా వెలుతురు మధ్యాహ్నంలాగే ఉంది కాబట్టి భయం వెయ్యలేదు, కానీ ఎవరూ లేరు. నెట్టుకుంటూ రోడ్డు మీదకి వచ్చాం. కాసేపటికి దూరం నుంచే డబ్ డబ్ మని పాట వినబడింది, ఆ తర్వాత బండి కనబడింది. పాత వోల్వో కారు వెనక సగం కోసేసి చిన్న ట్రాలీలాగా చేశారు, వెనక ఎర్ర త్రికోణం బోర్డు. దీన్ని "ఆ-ట్రాక్టర్" అంటారు, ఇంగ్లీషు A అక్షరాన్ని వాళ్ళు ఆ అని పలుకుతారు, వాడుకలో ఎపా అని కూడా అంటారు. చట్టం ప్రకారం అది ట్రాక్టర్ కింద లెక్క, గంటకి 30 కిలోమీటర్లు దాటి పోకూడదు, 15 ఏళ్ళు నిండి మోపెడ్ లైసెన్సు ఉంటే నడపొచ్చు. అందుకే పల్లెటూళ్ళలో పిల్లలందరికీ ఇదే బండి, బస్సు రాని ఊళ్ళలో వాళ్ళకి ఇంకో దారి లేదు కదా.

లోపల ఇద్దరు కుర్రాళ్ళు, పదహారేళ్ళుంటాయేమో. పక్కనుంచి వెళ్ళిపోయారు, మా వంక చూసీ చూడనట్టు. తమ్ముడు చెయ్యెత్తి గట్టిగా "హేయ్, ఇక్కడ దగ్గర్లో సైకిల్ బాగుచేసేవాళ్ళు ఉన్నారా" అని అడిగాడు, అంతే, బండి ఆగింది, పాట ఆగింది, ఇద్దరూ దిగారు. ఒకడు టైర్ నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోవాడు ఏమీ మాట్లాడకుండా సైకిల్ ఎత్తి ట్రాలీలో పెట్టి తాడుతో కట్టేశాడు. బండిలో సీట్లు రెండే, బెల్టులు రెండే. నేను ట్రాలీలో కూర్చుంటా అన్నా, వద్దు, అది కుదరదు అన్నాడు. తన సీటు నాకిచ్చి, మా తమ్ముడి పక్కన వాడూ నడిచాడు. రెండు కిలోమీటర్లు పైనే ఉంటుంది. మేం ఆ అబ్బాయి వాళ్ళ నాన్న షెడ్డు దగ్గర పావుగంట ముందే ఉన్నాం, వీళ్ళిద్దరూ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటూ తీరిగ్గా వచ్చారు.

ఆ నాన్న కూడా అంతే, తలుపు తీసి టైర్ వంక చూశాడు, మా వంక తర్వాత. షెడ్డులో మూడు మోపెడ్లు, ఒక కలప కోసే యంత్రం, గోడకి సైకిల్ చక్రాలు. ముందు కాఫీ తాగండి అన్నాడు, ఇక్కడ ఏ పనైనా ముందు కాఫీ. మా ట్యూబ్‌కి ఉన్నది సన్న వాల్వు, దాన్ని వాళ్ళు రేసర్ వెంటిల్ అంటారు, ఆయన పంపు పాత సైకిల్ వాల్వుది, పట్టలేదు. డబ్బాలన్నీ వెతికి ఎక్కడో అడుగున ఒక ఇత్తడి అడాప్టర్ తీశాడు, గోరంత ఉంటుంది. చీలిన చోట లోపలి వైపు పాత టైర్ ముక్క ఒకటి కోసి, అంచులు కత్తితో పల్చగా చెక్కి, అతికించి పెట్టాడు. అంచులు ఎందుకు చెక్కుతున్నారు అని అడిగా. అక్కడినుంచి మొదలైంది ఆయన మాట. మందంగా వదిలేస్తే ఆ అంచే ట్యూబ్‌ని కోసేస్తుంది అని, వాళ్ళ నాన్న చూపించాడు అని, వాళ్ళ నాన్న రంపపు మిల్లులో పనిచేసేవాడు అని, మిల్లు ఎప్పుడు మూసేశారు, ఊళ్ళో స్కూల్ ఎందుకు చిన్నదైపోయింది, అన్నీ. పదిన్నర అయ్యింది లేచేసరికి. డబ్బు తీసుకోలేదు, ఆ ఇత్తడి అడాప్టర్ కూడా నా చేతిలో పెట్టేశాడు. ఆ టైర్ ముక్క మేమ్ దాకా వచ్చింది, మళ్ళీ గాలి కూడా కొట్టలేదు.

స్వీడన్ వాళ్ళు మనుషులతో కలవరు, మాట్లాడరు అని ప్రతివాళ్ళూ చెప్తారు, వెళ్ళేముందు నాకూ చెప్పారు. నేను చూసింది ఏంటంటే వాళ్ళు ముందు మాట్లాడరు, అంతే. నీ దారిన నిన్ను పోనివ్వడం వాళ్ళ మర్యాద. నువ్వు ఆగి ఒక్క మాట అడిగితే మాత్రం చేతిలో పని పక్కన పెట్టేసి మొత్తం చెప్తారు. కారులో పోతే ఆగం, కాలవ గట్టు మీద సైకిల్ అయితే ప్రతి లాకు దగ్గరా ఆగుతాం, ప్రతి లాకు దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఈ రూట్‌కి నేను 4 ఇవ్వడానికి సగం కారణం అదే.

టోరెబూడాలో లీనా అని ఒక చిన్న ఫెర్రీ ఉంది, స్వీడన్‌లోనే అన్నిటికంటే చిన్నదని చెప్తారు, చేత్తో తిప్పుతూ కాలవ దాటిస్తారు. వంతెన పక్కనే ఉన్నా దీన్లోనే వెళ్ళండి, మొత్తం ప్రయాణం ఒక నిమిషం కూడా ఉండదు. టోరెబూడాలో రైలు స్టేషన్ కూడా ఉంది కాబట్టి టైం లేనివాళ్ళు ఇక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

తర్వాత టోటోర్ప్. 58 లాకుల్లో ఇంకా చేత్తోనే తెరిచేవి రెండే, ఒకటి ఇక్కడ, ఇంకోటి బూరెన్స్‌బెరి దగ్గర. మిగతావన్నీ మోటార్ మీద నడుస్తాయి. ఎండాకాలం కాలేజీ పిల్లలే లాకుల దగ్గర పనిచేస్తారు, మన దగ్గర లస్కర్లు చేసే పని. ఒక పెద్దాయన బెంచీ మీద ఫ్లాస్కు పెట్టుకుని పడవలు చూస్తున్నాడు, ఎనభై దాటే ఉంటాయి. ఇక్కడ నాకు ఒక ఇబ్బంది వచ్చింది. స్వీడిష్‌లో ఇప్పుడు అందరినీ "డూ" అనే అంటారు, నువ్వు అన్నమాట, 1960ల చివర్లో మీరు గీరు అనడాలు, హోదాతో పిలవడాలు అన్నీ వదిలేశారు, ప్రధానమంత్రినైనా డూ అనే అంటారు. తమ్ముడు ఆ పెద్దాయన్ని డూ, డూ అంటుంటే నాకు మనసొప్పలేదు, ఒరే, తాతగార్ని పట్టుకుని నువ్వు అంటావేంట్రా అన్నా. వాడు అది కాస్తా ఆయనకే చెప్పేశాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, మా అమ్మ డాక్టర్ని ఎప్పుడూ డూ అనలేకపోయింది, ఆవిడకి నోరు రాలేదు, నీకూ అలాగే అనిపిస్తోంది కదా అన్నాడు. నిజంగా అంతే. ఈ కాలవకి స్వీడన్ నీలి రిబ్బన్ అని ఒక పేరు, విడాకుల కాలవ అని ఇంకో పేరు ఉందని చెప్పింది కూడా ఆయనే, సొంత పడవలేసుకొచ్చిన మొగుడూ పెళ్ళాలు లాకుల్లో తాళ్ళు పట్టుకోలేక తిట్టుకుంటారట. మేం ఉన్న గంటలో అలాంటిది ఒకటీ చూడలేదు, ఒకావిడ మాత్రం తాడు జారిపోతే కిందకి వంగి మా తమ్ముడికి విసిరింది, వాడు కట్టాడు.

టోటోర్ప్ దాటితే వీకెన్ సరస్సు, కాలవలో అన్నిటికంటే ఎత్తైన చోటు, సముద్రమట్టానికి 91.8 మీటర్లు. ఇక్కడ గట్టు ఉండదు, అడవి రోడ్లు. కొంచెం ఎత్తుపల్లాలు ఉన్నా బాగుంటుంది. ఫోర్స్‌విక్‌లో 1813 నాటి ఇనుప వంతెన, కాలవలో అన్నిటికంటే పాత లాకు, పాత ఫౌండ్రీని మ్యూజియం చేశారు, ఓ రెండు గంటలు పెట్టుకోండి. కార్ల్స్‌బోరిలో కోట ఉంది, 1819లో మొదలుపెట్టి 1909లో ముగించారు, యుద్ధం వస్తే రాజుని, ప్రభుత్వాన్ని, బంగారాన్ని ఇక్కడికి తెచ్చి దాచాలని కట్టారట, తొంభై ఏళ్ళు కట్టేసరికి ఫిరంగులు మారిపోయాయి. ఒక్క బిల్డింగే 678 మీటర్లు ఉంది. నాకు పెద్దగా ఎక్కలేదు, తమ్ముడికి బాగా నచ్చింది.

ఇక్కడే ఆ పోయిన మార్కు. కాలవ వెట్టెర్న్ సరస్సులో కలిసిపోతుంది, అవతల ఒడ్డున మూటాలాలో మళ్ళీ మొదలవుతుంది. పడవకి ఇబ్బంది లేదు, సైకిల్‌కి ఉత్తరం వైపునుంచి ఆస్కెర్సుండ్ మీదుగా సుమారు వంద కిలోమీటర్లు చుట్టు తిరగాలి. అందులో కొంత హైవే, లారీలు చెవి పక్కనుంచి పోతాయి, అంచున సైకిల్‌కి మిగిలేది జానెడు చోటు. కాలవ గట్టు మీద నాలుగు రోజులు హాయిగా తిరిగి దీనిమీదకి వస్తే ఒళ్ళు జలదరించింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ముక్క వదిలేయండి, రెండు భాగాలుగా చెయ్యండి, మధ్యలో రైలో కారో చూసుకోండి. కాలవ రూట్ అని అంత ప్రచారం చేసేవాళ్ళు ఈ మధ్య ముక్క గురించి పెద్ద అక్షరాల్లో రాయాలి కదా, మేం చూసిన బ్రోషర్లో ఒక చుక్కల గీత, అంతే.

వీలైనచోటల్లా చిన్న రోడ్లలోకి తిరిగాం, టీవేడెన్ అడవి వైపు. 1983లో నేషనల్ పార్క్ చేశారు, బండరాళ్ళు, పాత పైన్ చెట్లు, ఎక్కుళ్ళు బానే ఉన్నాయి. పార్క్ లోపల టెంటుకి వేరే రూల్స్, బయట అయితే అల్లెమాన్స్‌రెట్టెన్ అని అందరికీ ఉన్న హక్కు, ఎవరి అడవి అయినా ఒక రాత్రి టెంటు వేసుకోవచ్చు, ఇంటికి దూరంగా ఉండాలి, పంట తొక్కకూడదు, ఇబ్బంది పెట్టకు, పాడు చెయ్యకు, అంతే రూలు. మేం అయినా ఒక ఇంటికి వెళ్ళి అడిగాం, అడగక్కర్లేదు అని నవ్వి, అడిగారు కాబట్టి చెప్తున్నా అని, పడమటి గాలి రానిచోటు, మంచినీళ్ళు ఉన్నచోటు చేత్తో చూపించింది ఆ ఇంటావిడ. పొద్దున్నే లేచాక కాళ్ళు, మెడ, జుట్టు మొదలు చూసుకోండి, ఫెస్టింగ్ అని పిడుదు లాంటి పురుగు పడుతుంది, జబ్బులు వస్తాయి. మందుల షాపులో దాన్ని తీసే చిన్న పట్టకారు అమ్ముతారు, ఆవిడ చెప్పేదాకా మాకు తెలీదు.

మూటాలా చేరకముందు మెదేవి బ్రున్ దగ్గర తప్పకుండా ఆగండి. 1678 నుంచి ఉన్న నీటి వైద్యశాల, పసుపు, ఎరుపు చెక్క ఇళ్ళన్నీ ఒక చిన్న ఊరులాగా ఉంటాయి. ఎండాకాలం సాయంత్రాలు బ్యాండు మేళం వాయిస్తూ ముందు నడుస్తుంది, వెనకాల జనం వరసగా నడుస్తారు, గ్రూట్‌లుంకెన్ అంటారు. మేం బురద కాళ్ళతో పక్కన నిలబడి చూస్తున్నాం. దేనికిది అని తమ్ముడు ఒక పెద్దావిడని అడిగాడు, ఆవిడ నడక ఆపకుండానే వాడి మోచెయ్యి పట్టుకుని వరసలోకి లాగేసింది, వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చివరిదాకా నడిచాం. ఎవరూ మా కాళ్ళ వంక చూడలేదు.

మూటాలా నుంచి ఇక అసలు అందం, మూడే రోజులు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఇక్కడినుంచి మొదలుపెట్టండి. కాలవ కట్టించిన బాల్ట్‌సార్ ఫోన్ ప్లాటెన్ సమాధి ఇక్కడే, కాలవ ఒడ్డునే. పని పూర్తవడానికి మూడేళ్ళ ముందు 1829లో పోయాడు ఆయన. బూరెన్‌షుల్ట్ దగ్గర వరసగా ఐదు లాకులు. అక్కడే యూనో అనే ఓడ చూశాం, 1874లో కట్టింది, ఇప్పటికీ మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతోంది. లాకు వెడల్పుకీ ఓడ వెడల్పుకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత ఖాళీ, అంతే. రాయి గీరుకోకుండా సిబ్బంది తాళ్ళు వదులుతూ బిగిస్తూ ఉంటే గట్టు మీద ఐస్‌క్రీం తింటున్న పిల్లలు కూడా చప్పుడు చెయ్యకుండా చూశారు. నీళ్ళు దిగుతుంటే ఓడ కింది వరస కిటికీలు మెల్లగా రాతి గోడ వెనక్కి వెళ్ళిపోయాయి.

బూరెన్స్‌బెరి నుంచి బెరి దాకా ఉన్న గట్టు ఈ ట్రిప్ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన ముక్క. కాలవ రోడ్డు మీదనుంచి పోతుంది, అంటే కింద కార్లు, పైన పడవలు, రెండు చోట్ల. లుంగ్స్‌బ్రూలో చాక్లెట్ ఫ్యాక్టరీ షాపు ఉంది, వేఫర్ చాక్లెట్లు కొని బ్యాగుల్లో నింపాం. బెరిలో వరసగా ఏడు లాకులు మెట్లలాగా, 18.8 మీటర్లు దిగుతాయి, కింద రూక్సెన్ సరస్సు. సైకిల్ పైనే వదిలేసి ఒక్కో మెట్టూ నడిచి దిగండి.

బస గురించి. ఎక్కువగా వాండ్రార్‌హెమ్‌లలో ఉన్నాం, హాస్టల్ లాంటివి, శుభ్రంగా ఉంటాయి, కామన్ కిచెన్ ఉంటుంది. దుప్పట్లు, తువ్వాళ్ళు మనవే పట్టుకెళ్ళాలి లేదా అద్దె, పొద్దున్న వెళ్ళేముందు గది మనమే ఊడ్చి తుడవాలి. నాకు ఆ పద్ధతి నచ్చింది. తిండి దగ్గర శాకాహారులు కంగారు పడక్కర్లేదు, ఎంత చిన్న ఊళ్ళో అయినా ఒక పిజ్జా షాపు ఉంటుంది, దాంతో పాటు వెనిగర్ కలిపిన క్యాబేజీ తురుము ఊరికే ఇస్తారు, ఎంత కావాలంటే అంత. కాఫీ రెండో కప్పు చాలాచోట్ల ఊరికే లేదా బాగా తక్కువ. యాలకుల బన్ను మాత్రం రోజుకొకటి తినాల్సిందే, యాలకులు మనం పాయసంలో వేసినంత గట్టిగా వేస్తారు వీళ్ళు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. షాపుల్లో అంతా కార్డే, బాగానే ఉంది. కానీ పొలాల దగ్గర బల్ల వేసి బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు పెట్టి మనిషి లేకుండా వదిలేస్తారు, అట్ట ముక్క మీద స్విష్ నంబర్ రాసి ఉంటుంది. స్విష్ అంటే మన ఫోన్‌పే లాంటిది, అక్కడి బ్యాంకు ఖాతా లేకపోతే పనిచెయ్యదు. రూక్సెన్ చుట్టూ తిరిగేటప్పుడు అలాంటి బల్ల దగ్గర ఆగాం, కొత్త బంగాళాదుంపల సంచి 30 క్రోనర్లు, అదే పొద్దున తమ్ముడి ఫోను ఛార్జింగ్ అయిపోయి ఉంది, నా దగ్గర ఒక 50 నోటు. ఇంటికెళ్ళి తలుపు కొట్టాం. పెద్దావిడ, చేతులనిండా మట్టి, నోటు తీసుకుని వెలుతుర్లో పట్టుకుని చూసింది, ఇది చూసి ఎన్నాళ్ళయిందో అంది. చిల్లర లేదు. ఆగమని లోపలికెళ్ళి సోయికూర కట్ట ఒకటి, ఉడకబెట్టిన గుడ్లు నాలుగు పట్టుకొచ్చి, ఇప్పుడు సరిపోయిందా అని అడిగింది, చాలా సీరియస్‌గా, లెక్క తేలాలి కదా. ఎక్కువైందండీ అన్నాం. అయితే దుంపలు వండేటప్పుడు తొక్క తియ్యకండి, అది చాలు నాకు అంది. ఆ రాత్రి నోర్షోల్మ్‌లో వాటిని తొక్కతోనే ఉడకబెట్టి, వెన్న, ఉప్పు, ఆ సోయికూర వేసుకుని తిన్నాం. తొక్క కాగితం కంటే పల్చగా ఉంది, వేలితో రాస్తే పోతోంది, లోపల వేరుశెనగ లాంటి తీపి. తమ్ముడు పచ్చడి సీసా తీశాడు గానీ మూత తియ్యలేదు.

నోర్షోల్మ్ నుంచి సోడర్‌షోపింగ్ మీదుగా చివరి రోజు. సోడర్‌షోపింగ్ పాత ఊరు, కాలవ పక్కనే కొండ, ఎదురుగా స్ముల్ట్రోన్‌స్టెల్లెట్ అనే ఐస్‌క్రీం రెస్టారెంట్, పేరు గొప్పగా విని వెళ్ళాం, పేరుకి తగ్గట్టే ఉంది, క్యూ పెద్దది, పదకొండింటికల్లా వెళ్ళండి.

అక్కడినుంచి కొద్ది దూరంలో మేమ్. 1832 సెప్టెంబర్ 26న రాజు కార్ల్ యూహాన్ కాలవని ప్రారంభించింది ఇక్కడే. ఊరంటూ పెద్దగా లేదు, చివరి లాకు, పడవలు, ఒక కెఫే, అవతల సముద్రపు పాయ. లాకు దగ్గర పనిచేసే అమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయి, మేం బోర్డు ముందు నిలబడి తెగ ఫోటోలు తీసుకుంటుంటే చూస్తోంది గానీ ఏమీ అడగట్లేదు. నేనే వెళ్ళి చెప్పా, మీ ఊరి పేరు మా భాషలో ఒక మాట, మేం అంటే మీ స్వీడిష్‌లో "వి" అని. ఆ అమ్మాయి వెంటనే, అయితే నేను కూడా అందులో ఉన్నానా అని అడిగింది. లేదమ్మా, మాకు రెండున్నాయి, మేం అంటే ఎదుటివాళ్ళు కాకుండా, మనం అంటే ఎదుటివాళ్ళు కూడా కలిపి అన్నా. వాళ్ళ భాషలో రెండిటికీ ఒకటే మాట. రెండోది ఎలా రాస్తారు అంటే లాకు టైంటేబుల్ వెనకాల పెద్దగా రాసిచ్చా. ఈలోగా పడవ వచ్చి హారన్ కొట్టింది, ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని గేటు తియ్యడానికి వెళ్ళిపోయింది.

మేమ్‌లో రైలు లేదు, నోర్షోపింగ్ స్టేషన్ దాకా ఇంకో ఇరవై పైచిలుకు కిలోమీటర్లు తొక్కాలి, ఆ రోజు లెక్కలో అది కూడా వేసుకోండి.